వేడెక్కాక 2వ సిలిండర్ మిస్ కొడుతోంది, ఏం మార్చాలి? ఏదీ కొనకముందు ఇవి చూడు

తమ్ముడూ, నువ్వు అడిగింది రెండుసార్లు చదివా. 2014 మోడల్ పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు, 92 వేల కిలోమీటర్లు తిరిగింది, రెండేళ్ల కింద సీఎన్జీ కిట్ పెట్టించావు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే శుభ్రంగా స్టార్ట్ అవుతోంది, పది పదిహేను నిమిషాలు తిరిగి ఇంజన్ వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే సీటూ స్టీరింగూ అన్నీ వణుకుతున్నాయి, గేరేసి కదిలితే తగ్గుతోంది. చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించావు, పీ0302 అనే కోడ్ వచ్చింది. నాలుగు ప్లగ్గులు, ఒక ఆక్సిజన్ సెన్సార్ మార్చారు, 11 వేలు అయ్యింది, తేడా ఏం లేదు. ఇప్పుడేమో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు సెట్టు మొత్తం మార్చాలి, అదీ కాకపోతే ఇంజన్ దించాలి అంటున్నారు. ఇదే కదా.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 24 ఏళ్లుగా పెట్రోల్ బళ్లే చూస్తున్నా, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా ఏమనుకోకు. ఇంజెక్టర్లు కొనకు. ఇంజన్ దించే మాట అసలు ఇప్పుడు వద్దు. నాకు అనుమానం వేరే చోట ఉంది, అదేంటో చెప్తా కానీ నా అనుమానం మీద కూడా డబ్బులు పెట్టొద్దు, చూసి తేల్చుకున్నాకే పెట్టు.

అన్నిటికంటే ముందు లైటు సంగతి. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలుగుతుంటే మెల్లగా ఇంటికో షెడ్డుకో వెళ్లొచ్చు. మిణుకు మిణుకుమని కొట్టుకుంటుంటే మాత్రం యాక్సిలేటర్ వదిలేసి పక్కన ఆపెయ్. అలా కొట్టుకుంటోందంటే మంట అంటుకోని పెట్రోలు పచ్చిగా సైలెన్సర్ వైపు పోతోంది, క్యాట్‌కన్ (పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ డబ్బా) పాడయ్యేంతగా పోతోంది అని అర్థం. ఆ పెట్రోలు వెళ్లి క్యాట్‌కన్‌లో మండుతుంది, లోపల తేనెపట్టులా ఉండే రాయి కరిగి మూసుకుపోతుంది, అప్పుడు నువ్వు మొదట పెట్టాల్సిన ఖర్చు చిల్లర లెక్కలా కనపడుతుంది. రాత్రిపూట బండి కిందకి వంగి చూస్తే ఆ డబ్బా ఎర్రగా కాలిన ఇనుములా కనపడిన బళ్లు నేను రెండు మూడు చూశా, ఒకాయన ఆ స్థితిలోనే ఏలూరు నుంచి నడుపుకుంటూ వచ్చాడు, పికప్ లేదండీ అంటూ.

ఇప్పుడు ఆ కోడ్ ఏం చెప్తోందో చూడు, ఎందుకంటే 11 వేలు పోయింది ఇక్కడే. పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్ అవుతోంది, తన వంతు వచ్చినప్పుడు సరిగ్గా పేలట్లేదు అని, అంతే. ప్లగ్గు పోయింది అని కాదు, ఇంజెక్టర్ పోయింది అని కూడా కాదు. ఈసీయూకి, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, ఇంజన్ లోపల కళ్లు లేవు. క్రాంక్ సెన్సార్ ఒక పళ్ల చక్రాన్ని చూస్తూ ఉంటుంది, నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ సగం చుట్టు తిరిగినప్పుడల్లా ఒక సిలిండర్ పేలి తోపు ఇవ్వాలి, 1-3-4-2 వరసలో. ఆర్పీఎం 800 ఉంటే ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు పేలాలి. రెండో దాని వంతు వచ్చినప్పుడల్లా చక్రం ఒక్క వీసమెత్తు నెమ్మదిస్తోంది, దాన్ని పట్టుకుని ఈసీయూ 2 అని రాసుకుంది. నిప్పు లేక మిస్ అయినా, పెట్రోలు అందక మిస్ అయినా, లోపల కంప్రెషన్ (పిస్టన్ నొక్కే ఒత్తిడి) లేక మిస్ అయినా దానికి కనపడేది ఒకటే. మనకి ఇంటి నంబరు ఇచ్చింది, లోపల ఎవరున్నారో మనమే తలుపు తీసి చూడాలి.

ఇంటి నంబరు అన్నా కదా, అదీ సరిగ్గా లెక్కపెట్టారో లేదో చూడు. చాలా బళ్లకి టైమింగ్ చైన్ లేదా బెల్టు ఉన్న వైపు నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు, గేర్‌బాక్స్ వైపుది ఆఖరిది. కొన్ని ఫ్రెంచి కంపెనీల ఇంజన్లకి ఉల్టా, గేర్‌బాక్స్ వైపు నుంచి లెక్క. రెండోదనుకుని మూడోది విప్పి అంతా బాగుంది అని బిగించేసిన వాళ్లని చూశా, నవ్వుతూ చెప్తున్నా గానీ కుర్రాడిగా ఉన్నప్పుడు నేనూ చేశా.

ఆక్సిజన్ సెన్సార్ ఎందుకు మార్చారో కూడా నాకు అర్థమైంది. స్కానర్‌లో మిశ్రమం లీన్ అని చూపించి ఉంటుంది, అంటే గాలి ఎక్కువ పెట్రోలు తక్కువ అని. సిలిండర్‌లో మంట అంటుకోకపోతే అందులోకి వెళ్లిన గాలి వెళ్లినట్టే బయటకొస్తుంది, ఆ సెన్సార్ కొలిచేది ఆక్సిజన్‌ని, పెట్రోలుని కాదు. వాడకుండా మిగిలిన ఆక్సిజన్ కనపడగానే అయ్యో పెట్రోలు చాలట్లేదు అని చెప్తుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది, పాపం బాగున్న మూడు సిలిండర్లకి కూడా ఎక్కువ పోసేస్తుంది, మైలేజీ పడిపోతుంది, సైలెన్సర్ నల్లగా అవుతుంది. సెన్సార్ తప్పేం లేదు, అది చూసింది చూసినట్టు చెప్పింది. పాత సెన్సార్ పారేయకుండా ఉంటే అడిగి తెచ్చి ఇంట్లో పెట్టుకో, మంచిదే అయ్యుంటుంది.

సరే, నీ దగ్గర ఉన్న పెద్ద ఆధారం కోడ్ కాదు, ఎప్పుడు మిస్ అవుతోంది అని నువ్వే రాసిన ముక్క. చల్లగా ఉంటే బాగుంది, వేడి మీద ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు) వణుకు, స్పీడు పెరిగితే సర్దుకుంటోంది. ఇది చదవగానే నేను కాయిల్ (ప్లగ్గుకి వోల్టేజీ ఇచ్చేది) మీద అనుమానం సగం తగ్గించా. కాయిల్ బలహీనపడితే మామూలుగా బరువు పడినప్పుడు మొరాయిస్తుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, నాలుగో గేర్‌లో మెల్లగా పోతూ ఒక్కసారి తొక్కినప్పుడు, ఎందుకంటే అప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువ, ఆ ఒత్తిడిలో ప్లగ్గు మూతి దగ్గర నిప్పు దూకాలంటే వోల్టేజీ ఎక్కువ కావాలి. ఐడ్లింగ్‌లో అదే కాయిల్ ఎలాగోలా నెట్టుకొస్తుంది. నీది దానికి తిరగేసి ఉంది. వాల్వ్ (సిలిండర్‌లోకి గాలిని, బయటకి పొగని వదిలే తలుపు) సరిగ్గా మూసుకోకపోతే ఇలా ఉంటుంది, ఐడ్లింగ్‌లో పిస్టన్ మెల్లగా పైకొస్తుంది కాబట్టి గాలి జారిపోవడానికి తీరిక దొరుకుతుంది, ఆర్పీఎం పెరిగితే జారిపోయేలోపే పేలిపోతుంది. ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల గుత్తి) ప్యాకింగ్ దగ్గర గాలి లీకైనా కూడా ఐడ్లింగ్‌లోనే ఎక్కువ తెలుస్తుంది. ఇంజెక్టర్ సగం మూసుకుపోయినా కొంత ఇలాగే ఉంటుంది. కాయిల్‌ని పూర్తిగా వదిలేయమనట్లేదు, వేడికి లోపల పగులు తెరుచుకునే కాయిల్స్ ఉన్నాయి, దాన్ని పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు కాబట్టి ముందు అదే చూద్దాం.

అంతకన్నా ముందు నీ బండికి మాత్రమే ఉన్న ఒక సౌకర్యం, నీకు రెండు ఇంధనాలు ఉన్నాయి. ఇంజన్ బాగా వేడెక్కించి, వణుకు మొదలయ్యాక స్విచ్ నొక్కి పెట్రోలు మీద ఐదు నిమిషాలు, గ్యాస్ మీద ఐదు నిమిషాలు నిలబెట్టి చూడు. పెట్రోలు మీదే వణికి గ్యాస్ మీద బాగుంటే పెట్రోల్ ఇంజెక్టరో దాని వైరో. గ్యాస్ మీదే వణికితే గ్యాస్ ఇంజెక్టర్, గ్యాస్ ట్యూనింగ్, లేదంటే బలహీనమైన కాయిలో ప్లగ్గో, ఎందుకంటే సీఎన్జీకి నిప్పు అంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి, పెట్రోలు మీద సర్దుకుపోయే కాయిల్ గ్యాస్ మీద చేతులెత్తేస్తుంది. రెండిటి మీదా ఒకేలా వణికితే ఇంజెక్టర్ల సెట్టు అన్న మాటే తప్పు, రెండు రకాల ఇంజెక్టర్లు ఒకే సిలిండర్‌కి ఒకేసారి పోవు కదా. ఈ ఒక్క పరీక్ష నీకు ఎవరూ చెప్పకపోవడమే నాకు కోపం తెప్పించింది.

ఇప్పుడు బోనెట్ ఎత్తు. ఇంజన్ చల్లారాక, వేడి మీద వద్దు, అల్యూమినియం హెడ్‌లో ప్లగ్గు వేడి మీద విప్పితే మరలు ఊడి చేతిలోకొస్తాయి. ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉండే బండైతే రెండోదాని కప్లర్ (వైరు వచ్చి తగులుకునే కనెక్టర్) తీసి, బోల్టు విప్పి కాయిల్ పైకి లాగు. టార్చి వేసి ప్లగ్గు గుంటలోకి చూడు. గుంటలో ఇంజన్ ఆయిల్ నిలబడి ఉంటే టాపెట్ కవర్ ప్యాకింగ్, గుంట చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు పోయాయి, ఆయిల్‌లో నాని కాయిల్ కింద రబ్బరు బూటు మెత్తబడి ఉబ్బుతుంది, నిప్పు ప్లగ్గులోకి పోకుండా పక్కకి దూకేస్తుంది. నీళ్లు ఉంటే వాటర్ సర్వీసింగ్ పుణ్యం, ప్రెషర్ గన్ తిన్నగా ఇంజన్ మీద కొట్టించుకునే అలవాటు ఉంటే మానేయ్. ప్లగ్గు విప్పే ముందు గుంటలో ఎయిర్ కొట్టించు, లేకపోతే ఆ ఇసుకా మట్టీ తిన్నగా సిలిండర్‌లో పడతాయి.

కాయిల్ చేతిలో ఉండగానే పని కానిచ్చెయ్, రెండోది తీసి మూడులో, మూడోది రెండులో పెట్టు. అది తప్ప ఇంకేం మార్చకు, ప్లగ్గులు అవి ఎక్కడివక్కడే. కోడ్ చెరిపేసి నీ మామూలు దారిలో వేడెక్కేదాకా తిప్పు. పీ0303 వస్తే కాయిల్, ఒక్క కాయిల్ కొను, అయిపోయింది. మళ్లీ 0302 వస్తే కాయిల్ నిర్దోషి. ఇదే పని ప్లగ్గుతో చెయ్, తర్వాత కావాలంటే ఇంజెక్టర్‌తో చెయ్. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండు మూడు కలిపి మార్చి బాగైపోయింది అనుకుంటే ఏది బాగు చేసిందో నీకు ఎప్పటికీ తెలియదు. మల్టీమీటర్‌తో కాయిల్ ఓమ్స్ చూసి బాగుంది అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లని నమ్మకు, ఈ కొత్త రకం కాయిల్స్‌లో లోపలే ఎలక్ట్రానిక్ ముక్క ఉంటుంది, మీటర్‌కి అది అందదు. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొన్ని వందల్లో దొరుకుతుంది, స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది దానికి పెట్టి ఫోన్‌లో చూసుకోవచ్చు, కోడ్ చెరపడానికి మళ్లీ ఎవడికీ 500 ఇవ్వక్కర్లేదు. బ్యాటరీ టెర్మినల్ పీకి చెరపొద్దు, మిస్ అయిన క్షణంలో ఆర్పీఎం ఎంత, వేడి ఎంత, లోడ్ ఎంత అని ఈసీయూ ఫొటో తీసినట్టు దాచుకుంటుంది, ముందు దాన్ని చూసి రాసుకుని అప్పుడు చెరుపు.

పాత బళ్లలో ఒక కాయిల్ ప్యాక్ నుంచి నాలుగు ప్లగ్ వైర్లు పోతాయి, వాటికి మాత్రం ఒక కిటుకు ఉంది, రాత్రి చీకట్లో ఇంజన్ ఆన్‌లో పెట్టి, స్ప్రే బాటిల్‌తో సన్నగా మంచులా నీళ్లు చల్లితే వైరు పగిలిన చోట నీలం రంగు మెరుపులు చిటచిటమని హెడ్ మీదకి దూకుతూ కనపడతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చేత్తో మాత్రం ముట్టుకోకు, ఇంజన్ ఆన్‌లో ఉండగా ప్లగ్ వైరు పీకి చూడటం మా గురువుల కాలం నాటి అలవాటు, ఈ బళ్లలో అలా చేస్తే షాకు నీకు కొట్టినా కొడుతుంది, కాయిల్ పోయినా పోతుంది. ఏ సిలిండర్ పనిచేయట్లేదో తెలియాలంటే పెట్రోలు మీద ఉంచి ఇంజెక్టర్ కప్లర్లు ఒక్కొక్కటి తీసి పెట్టు. బాగున్నది తీస్తే ఇంజన్ ఇంకా కుంటుతుంది, చచ్చిపోయిన దాన్ని తీస్తే ఏం తేడా ఉండదు.

ప్లగ్గు విప్పాక దాని మొహం చూడు. లేత కాఫీ పొడి రంగు ఉంటే ఆరోగ్యం. పొడి పొడి నల్ల మసి అయితే పెట్రోలు ఎక్కువ. తడిగా పెట్రోలు వాసన కొడితే నిప్పు రావట్లేదు. జిడ్డుగా నల్లగా ఆయిల్ పట్టి ఉంటే వాల్వ్ సీళ్లో పిస్టన్ రింగులో. పింగాణీ బయటవైపు పై నుంచి కింద దాకా పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉంటే నిప్పు బయట నుంచే దిగిపోతోంది, ప్లగ్గూ బూటూ రెండూ మార్చాలి, ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది. పింగాణీ మొదట్లో ఇనుము దగ్గర గోధుమ రంగు మచ్చ చుట్టూ ఉంటే భయపడకు, అది వోల్టేజీ వల్ల వచ్చే మరక, లీకు కాదు. నీకు వేసిన కొత్త ప్లగ్గుల డబ్బాలు అడిగి చూడు, డూప్లికేట్ ప్లగ్గులు అచ్చు ఒరిజినల్‌లాగే ఉంటాయి, నంబరు నీ ఇంజన్‌కి చెప్పిందేనా లేదా అని మాన్యువల్‌తో పోల్చు. కొత్తవి కదా అని వాటి మీద అనుమానం తీసేయకు.

బిగించేటప్పుడు చేత్తో మొదలుపెట్టు, పానా పెట్టి తిప్పడం మొదలెడితే మరలు అడ్డం పడతాయి. 14 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గుకి దాదాపు 25 న్యూటన్ మీటర్ల టార్క్, సన్న ప్లగ్గులకి అంతకన్నా చాలా తక్కువ. టార్క్ రెంచి లేకపోతే, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుని చేత్తో పూర్తిగా ఆనేదాకా తిప్పి ఆ తర్వాత పానాతో అర చుట్టు, కొంచెం పైన, అంతే. ఒకసారి వాడిన ప్లగ్గుకి వాషర్ ఆల్రెడీ నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి ఆనాక ఇంకొంచెం చాలు. మరలకి గ్రీజు పూయొద్దు.

వైర్లు చూడు, మా షెడ్డుకి మిస్సింగ్ అని వచ్చే బళ్లలో ఎలకల కేసులు నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువ. వానాకాలం, చలికాలం మరీను, బండి ఆపగానే వెచ్చగా ఉంటుంది, అవి వచ్చి ఇంజన్ మీద కూర్చుంటాయి, పళ్లు గీరుకోవడానికి సన్న వైర్లు కావాలి, ఇంజెక్టర్ వైర్లు వాటికి జంతికల్లా ఉంటాయేమో. మొత్తం తెగితే అదృష్టం, కనపడుతుంది. సగం కొరికి రెండు పోగులు మిగిలిస్తేనే తలనొప్పి, ఊగినప్పుడల్లా తగిలీ తగలక మిస్ కొడుతుంది. పొగాకు పొట్లం కడితే రావంటారు, కొన్నిసార్లు రావు, ఒకసారి నేను బోనెట్ ఎత్తితే ఆ పొట్లం పక్కనే గూడు పెట్టి పిల్లల్ని కన్నది. రెండో ఇంజెక్టర్ కప్లర్ తీసి లోపల పిన్నులు చూడు, పచ్చగా చిలుం పట్టిందేమో, పిన్ను వెనక్కి తోసుకుపోయిందేమో. కప్లర్ దగ్గర నుంచి జానెడు దూరం దాకా వైరుని మెల్లగా వంచుతూ రా, లోపల తెగిన చోట చచ్చిన పాములా మెత్తగా వంగుతుంది. సీఎన్జీ కిట్ పెట్టేవాళ్లు పెట్రోల్ ఇంజెక్టర్ వైర్లనే మధ్యలో కోసి తమ వైర్లు కలుపుతారు, సరిగ్గా అతికించకుండా టేపు చుట్టి వదిలేసిన అతుకులు రెండేళ్లకి వదులవుతాయి, నీకూ సరిగ్గా రెండేళ్లయింది కాబట్టి ఆ నల్ల టేపు విప్పించి చూడు.

ఇంజెక్టర్ బతికుందో లేదో తెలియాలంటే పొడుగు స్క్రూడ్రైవర్ కొన దాని మీద ఆనించి పిడి చెవికి పెట్టుకో, టిక్ టిక్ టిక్ అని వినపడాలి, నాలుగూ ఒకేలా వినపడాలి. ఫ్యాన్ బెల్టులో చొక్కా పడకుండా చూసుకో. మీటర్ పెడితే మామూలు పెట్రోల్ ఇంజెక్టర్ 11 నుంచి 16 ఓమ్స్ మధ్య చూపిస్తుంది, నాలుగూ దగ్గర దగ్గరగా ఉండాలి. టిక్ టిక్ బాగుండి స్ప్రే బాగోలేదని అనుమానం ఉంటే మిషన్ మీద పెట్టి క్లీన్ చేయించు, అందులో నాలుగు గాజు గొట్టాల్లో పెట్రోలు ఎంతెంత పడుతోందో పక్కపక్కన కనపడుతుంది, కళ్లతో చూసి అప్పుడు కావాలంటే ఒక్కటి మార్చు.

గాలి లీకు సంగతి స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలు ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే అంకె) అని ఉంటుంది చూడు, ఐడ్లింగ్‌లో +20 దాకా ఉండి 2500 ఆర్పీఎం దగ్గర మామూలుకి దిగిపోతే ఎక్కడో గాలి దొంగదారిలో వస్తోంది, పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇంటేక్‌లోకి పంపేది), బ్రేక్ బూస్టర్ గొట్టం, మానిఫోల్డ్ ప్యాకింగ్. నీ బండికి గ్యాస్ గొట్టాలు పెట్టడానికి మానిఫోల్డ్‌కి నాలుగు రంధ్రాలు వేసి ఉంటారు, రెండోదాని నిపుల్ వదులైందేమో వేలితో కదిపి చూడు. ఇది నేను ఊరికే చెప్పట్లేదు. 2011లో ఒక బండికి ఇలాగే మిస్సింగ్, కంప్రెషన్ చూడకుండా నా తొందరకి హెడ్ దించేశా, వాల్వులు నిగనిగలాడుతున్నాయి, బిగించేటప్పుడు మా కుర్రాడు అన్నా ఈ గొట్టం వెనక చీలింది చూడు అని చూపించాడు. బొటనవేలు అంత రబ్బరు గొట్టం. ఆ హెడ్ ప్యాకింగ్ డబ్బులు నా జేబులోంచే పోయాయి, ఆయన్ని అడగడానికి నోరు రాలేదు.

ఇవన్నీ దాటి కూడా 0302 అక్కడే కూర్చుంటే అప్పుడు కంప్రెషన్. నా అనుమానం అంతా ఇక్కడే, ముందే చెప్పా కదా. గేజ్ నీ దగ్గర లేకపోయినా పర్లేదు, ఏ షెడ్డులోనైనా ఉంటుంది, కానీ ఎలా చేయాలో నిలబడి చేయించు. నాలుగు ప్లగ్గులూ విప్పాలి, కాయిల్ కప్లర్లు ఇంజెక్టర్ కప్లర్లు అన్నీ తీసేయాలి, లేకపోతే పెట్రోలు ఆవిరి బయటకి చిమ్ముతుంటే పక్కన నిప్పు రవ్వ ఎగరడం చూస్తావు. బ్యాటరీ ఫుల్లుగా ఉండాలి. యాక్సిలేటర్ నేలకి తొక్కి పట్టుకుని ఒక్కో సిలిండర్‌కి ఐదారు కంప్రెషన్లు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. పెట్రోల్ ఇంజన్లకి సాధారణంగా 150 నుంచి 190 పీఎస్ఐ మధ్య వస్తుంది, అంకె కంటే నాలుగిటి మధ్య తేడా ముఖ్యం, 10-15 శాతం మించి తేడా ఉండకూడదు. రెండోది తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టు. ఆయిల్ పోశాక బాగా పెరిగితే రింగులు, ఆయిల్ వెళ్లి రింగుల సందు మూసింది కాబట్టి. పెరగకపోతే వాల్వులు. పక్కపక్క రెండు సిలిండర్లూ తక్కువ వస్తే ఆ రెంటి మధ్య హెడ్ గ్యాస్కెట్ అని అనుమానించాలి.

నీ కేసులో ఒక మెలిక ఉంది, చల్లటి ఇంజన్ మీద చూస్తే నాలుగూ బాగానే రావచ్చు. వేడి మీద చూడాలి. ప్లగ్గు వేడి మీద విప్పొద్దన్నావు కదా అంటావేమో, నిజమే, ముందు చల్లగా ఉన్నప్పుడు నాలుగూ విప్పి మళ్లీ మామూలుగా బిగించి ఉంచుకో, తర్వాత బండి వేడెక్కించి వణుకు రాగానే ఆపి, చెయ్యి పెట్టగలిగేంత వేడికి దిగాక జాగ్రత్తగా విప్పు, పట్టేస్తోందనిపిస్తే బలం పెట్టకు, ఇంకా చల్లారనివ్వు.

ఎందుకు వేడి మీద అంటే, సీఎన్జీ మీద తిరిగే బళ్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు త్వరగా అరుగుతుంది, గ్యాస్ పొడిగా ఉంటుంది, పెట్రోలులా తడి చల్లదనం ఇవ్వదు. సీటు అరిగేకొద్దీ వాల్వ్ హెడ్‌లోకి పైకి కూరుకుపోతుంది, దాని కాడ పైకి లేచి వాల్వ్‌ని తెరిచే క్యామ్‌కీ దానికీ మధ్య ఉండాల్సిన సందు, అంటే టాపెట్ సందు, తగ్గిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఇంకా వెంట్రుకంత సందు మిగిలి ఉంటుంది కాబట్టి మూసుకుంటుంది, బండి బాగుంటుంది. వేడికి వాల్వ్ కాడ సాగగానే సందు సున్నా అయిపోయి వాల్వ్ తలుపు ఓరగా తెరిచినట్టు ఉండిపోతుంది. నువ్వు చెప్పిన లక్షణాలకి అచ్చు గుద్దినట్టు సరిపోయేది ఇదే. దీన్ని అలాగే నడిపితే ఇంకా చేటు, వాల్వ్ చల్లబడేది సీటు మీద ఆనినప్పుడే, ఆనకపోతే వేడి పోయే దారి లేక అంచు కాలి ముక్క ఊడిపోతుంది.

కాబట్టి టాపెట్ కవర్ విప్పించి, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రెండో సిలిండర్‌ని కంప్రెషన్ పైభాగానికి తెచ్చి ఫీలర్ గేజ్‌తో సందు చూడమను. ఎంత ఉండాలి అన్నది ఇంజన్‌ని బట్టి మారుతుంది, మీ బండి మాన్యువల్‌లోదే లెక్క, ఎగ్జాస్ట్‌కి ఇంటేక్ కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. 0.05 ఆకు కూడా దూరకపోతే దొంగ దొరికినట్టే. హైడ్రాలిక్ టాపెట్లు ఉన్న ఇంజన్ అయితే ఈ సెట్టింగ్ ఉండదు, అప్పుడు నేరుగా లీక్ టెస్ట్ చేయించాలి, సిలిండర్‌లోకి ఎయిర్ పెట్టి ఎక్కడ బుస్సుమంటోందో వినడం. సైలెన్సర్ గొట్టంలో వినపడితే ఎగ్జాస్ట్ వాల్వ్, థ్రాటిల్ దగ్గర అయితే ఇంటేక్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గర అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్.

స్క్రూ ఉన్న టాపెట్లు అయితే సెట్ చేయడం గంట పని. బకెట్ టాపెట్లు అయితే కొలిచి కావాల్సిన మందం ఉన్న ముక్క తెప్పించి వేయాలి, రెండు మూడు రోజులు పడుతుంది, ఈ లోపు బండి షెడ్డులోనే ఉంటుంది, తొందరపెట్టకు. సందు సరిచేశాక మళ్లీ కంప్రెషన్ చూడండి. మిగతా మూడిటి దగ్గరకి వచ్చేస్తే నీ అదృష్టం బాగుంది, అక్కడితో ఆపెయ్. రాకపోతే అంచు కాలిపోయింది, అప్పుడు హెడ్ దించక తప్పదు. హెడ్ మాత్రమే, ఇంజన్ కాదు, ఈ తేడా గట్టిగా పట్టుకో. ఆ వాల్వ్ కొత్తది వేసి, లేత్ దగ్గర సీటు కట్ చేయించి, ల్యాపింగ్ చేసి (వాల్వ్‌నీ సీటునీ పేస్టుతో రుద్ది అతికేలా చేయడం), పోర్టులో కిరసనాయిలు పోసి పది నిమిషాలు ఉంచితే అవతల వైపు చెమ్మ కూడా దిగకూడదు, అది నీ కళ్లతో చూసి అప్పుడు బిగించమను. హెడ్ ఫేసు వంగిందేమో స్కేలు పెట్టి చూడాలి, గ్యాస్కెట్ కొత్తది, హెడ్ బోల్టులు ఒకసారి సాగే రకమైతే అవి కూడా కొత్తవే. ఎలాగూ హెడ్ దించాం కదా రింగులు కూడా వేసేద్దాం సార్ అంటారు, చెంచా ఆయిల్ పోసినప్పుడు కంప్రెషన్ పెరగలేదు కదా అను, ఆ ఒక్క మాటకి ఊరుకుంటారు.

పని అయ్యాక డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. ఇన్నాళ్లు మండని పెట్రోలు కొంత ఆయిల్‌లోకి దిగి ఉంటుంది, పెట్రోలు వాసన కొట్టినా లెవెల్ పెరిగినట్టు కనపడినా ఆయిల్, ఫిల్టర్ మార్చెయ్. కోడ్ చెరిపి ట్రిమ్‌లు రీసెట్ చేసి రెండు మూడు రోజులు పెట్రోలు మీదే తిప్పు, ఆ తర్వాత గ్యాస్ ట్యూనింగ్ మళ్లీ చేయించు, పాత ట్యూనింగ్ కుంటి ఇంజన్‌కి చేసింది. నేనైతే గ్యాస్ బళ్లకి 20 వేల కిలోమీటర్లకి ఒకసారి టాపెట్ సందు చూస్తా.

ఈ ఆదివారం పొద్దున నువ్వే చేయగలిగింది రెండు పనులు, స్విచ్ మార్చి రెండు ఇంధనాల మీదా చూడటం, కాయిల్ రెండు నుంచి మూడుకి మార్చడం. దానికి 10 నంబర్ పానా, ఒక టార్చి చాలు. ఆ తర్వాత ఏ కోడ్ వచ్చిందో, వేడి మీద నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు ఎంతెంతో రాయి, ఆయిల్ పోయకముందు ఎంత, పోశాక ఎంత అన్నది కూడా.